పుల్లల కట్టలో పువ్వు: టన్‌బ్రిడ్జ్ పనిలో కర్రల జోడింపు

వేరువేరు కర్రలను చిన్న ముక్కలుగా కోసి, గుండ్రంగా అతికించి, ఆ వలయాలను ఒకదానిమీద ఒకటి పేర్చి, తరిమెన మీద పట్టి గిన్నెగా దించే పనికి ఇవాళ అమెరికాలోనూ ఐరోపాలోనూ మంచి ఆదరణ ఉంది. గిన్నె అంచున కనిపించే నల్లని గీత, నడుమున తిరిగే ఎర్రని పట్టీ, మీగడ రంగు ఒళ్లు, వీటిలో ఏదీ పూసిన రంగు కాదు. చెట్టు పుట్టుకతో తెచ్చుకున్నదే. కాబట్టి ఈ పనిలో ఉలి పట్టకముందే సగం పని అయిపోతుంది. ఏ కర్ర పక్కన ఏ కర్ర కూర్చోవాలో తేల్చుకోవడమే ఆ సగం పని. కంటికి నప్పడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి విడిపోకుండా, వెలిసిపోకుండా కలిసి ఉండటం మరో ఎత్తు. ఈ ఎంపికను వృత్తిగా పెంచి, వందేళ్లకు దగ్గరగా దానిమీదే బతికిన ఊరు ఇంగ్లండ్‌లో ఒకటుంది.

ఆ ఊరు కెంట్ కౌంటీలోని టన్‌బ్రిడ్జ్ వెల్స్. 1606లో లార్డ్ నార్త్ అనే యువ ప్రభువు అటుగా వెళ్తూ ఇనుము తుప్పు రంగు నురగ కట్టిన ఊటను చూశాడు. ఆ నీళ్లు తాగితే ఒంటికి మంచిదన్న మాట లండన్ దాకా పాకింది. రాచకుటుంబం వచ్చింది, దాని వెనుక దొరలు, దొరసానులు వచ్చారు. ఊట చుట్టూ దుకాణాలు లేచాయి. ఆ దుకాణాల ముందు నేలకు కాల్చిన మట్టి పెంకులు పరిచినందువల్ల ఆ వరండా వీధికి పాన్‌టైల్స్ అన్న పేరు నిలిచింది. నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లు రోజుకు రెండు గ్లాసులు తాగి మిగతా పొద్దంతా ఏం చేస్తారు? అంగళ్లు తిరుగుతారు. తిరుపతి వెళ్లినవాళ్లు చెక్కబొమ్మ కొనుక్కొచ్చినట్టే ఆ ఊరికి వెళ్లినవాళ్లు అక్కడి చెక్క సామాను కొనుక్కొచ్చేవారు. పక్కనే ఉన్న పాత పట్టణం పేరు కూడా అప్పట్లో టన్‌బ్రిడ్జ్ అనే రాసేవారు. ఉత్తరాలు అటూ ఇటూ తారుమారవుతుంటే 19వ శతాబ్దంలో పాత పట్టణం వర్ణక్రమాన్ని టాన్‌బ్రిడ్జ్‌గా మార్చారు. సామాను పేరు మాత్రం పాతదే మిగిలింది. రెండు ఊళ్లలోనూ ఆ పని జరిగేది.

మొదట్లో జోడింపు లేదు. ఒక వస్తువుకు ఒకే కర్ర. 1697లో ఆ ఊరు చూసిన సీలియా ఫియెన్స్ అనే యాత్రికురాలు అక్కడి చెక్క సామాను గురించి తన దినచర్యలో రాసుకుంది. సన్నగా, నాజూగ్గా తరిమెన పట్టిన తెల్లకర్ర పాత్రలు, వాటితో పాటు లిగ్నమ్ వీటే అనే ముదురు కర్ర పాత్రలు ఆమెకు కనిపించాయి. తెల్లది స్థానికం, నల్లది ఓడల మీద కరీబియన్ దీవుల నుంచి వచ్చింది. లిగ్నమ్ వీటే నీళ్లలో వేస్తే రాయిలా మునుగుతుంది, తనలోని జిడ్డుతో తానే నునుపు తేలుతుంది. ఆ రెండింటినీ ఒకే పాత్రలో కలపాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాకపోయినా, బల్లమీద పక్కపక్కన పెట్టి అమ్మడంలోనే తెలుపు నలుపుల పొత్తు కొనేవాళ్ల కంటికి అలవాటై ఉండాలి.

19వ శతాబ్దం మొదటి దశాబ్దాలకు కర్రలు కలవడం మొదలైంది, కానీ తరిమెన మీద కాదు, పెట్టెల మూతల మీద. పలుచని చెక్క రేకులను పలకలుగా కోసి మూతకు అతికించేవారు. అన్నిటికన్నా ఆదరణ పొందిన నమూనా ఘనాలది. మూడు సమచతుర్భుజాలు కలిస్తే ఒక ఆరుకోణాల ఆకారం వస్తుంది. ఒకటి లేత రంగు, ఒకటి నడిమి రంగు, ఒకటి ముదురు రంగైతే చాలు, బల్లపరుపు మూతమీద ఎత్తుగా లేచిన దిమ్మెలు కనిపిస్తాయి. ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ పడ్డట్టు కన్ను మోసపోతుంది. ఈ మోసానికి కర్ర అందం కన్నా దాని మెట్టు ముఖ్యం. నడిమి మెట్టు కర్ర కాస్త ముదురైతే చాలు, దిమ్మె కుంగి గళ్ల గుడ్డలా మిగులుతుంది. లేతకు హాలీ, ముదురుకు రోజ్‌వుడ్ దొరికినంత తేలిగ్గా నడిమిది దొరకదు. ఇప్పటి గిన్నెల పనివాళ్లు ఒక చిట్కా వాడతారు: పక్కపక్కన పెట్టిన కర్ర ముక్కలను ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తారు. రంగు తీసేస్తే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే ఆ జోడు దూరం నుంచి చూసినప్పుడు పనికిరాదు. ఘనాల మూత చేసిన పనివాడు అదే పరీక్షను కళ్లు సగం మూసి చేసి ఉంటాడు.

1830 ప్రాంతంలో జేమ్స్ బరోస్ అనే పనివాడి చేతిలో కథ మలుపు తిరిగింది. పుల్లల పని, సగం గళ్ల పని, ఆ తర్వాత సన్నగళ్ల పని, మూడింటికీ అతని పేరే చెబుతారు. మొదటిదే ఇవాళ్టి అతుకుల గిన్నెకు ముత్తాత.

పుల్లల పనికి ముందు కర్రలను పొడవాటి పుల్లలుగా చీలుస్తారు. ప్రతి పుల్ల అడ్డుకోత ముక్కోణంగానో, కోలగా ఉన్న చతుర్భుజంగానో ఉంటుంది. అన్నీ ఒకే కొలతలో ఉండాలి, వెంట్రుక వాసి తేడా ఉన్నా మధ్యలో ఖాళీలు పడతాయి. వాటిని నక్షత్రంలానో, పువ్వులానో అమర్చి, జంతువుల తోలూ ఎముకలూ మరగబెట్టి తీసిన వజ్రపు బంకను వేడివేడిగా పూసి, తాడుతో బిగించి కడతారు. ఆరాక తాడు విప్పితే చేతిలో మిగిలేది ఒక కడ్డీ. పక్కనుంచి చూస్తే చారలు, కొన నుంచి చూస్తే రంగవల్లి. కడ్డీ పొడవంతా అదే ముగ్గు ఉంటుంది, ఎక్కడ కోసినా అదే కనిపిస్తుంది.

ఇప్పుడు దాన్ని తరిమెనకు ఎక్కిస్తారు. కడ్డీ గిర్రున తిరుగుతుంటే ఉలి కొనను గుండ్రపు బుడిపెలా దించుకుంటూ వస్తుంది. అక్కడే ఈ పనిలోని తమాషా. కొనను తిన్నగా అడ్డంగా కోస్తే ముగ్గు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. వంపుగా దించితే ఉలి పుల్లలను ఏటవాలుగా కోస్తుంది. నడినెత్తిన చిన్న గళ్లుగా ఉన్న రంగులు, వంపు కిందికి జారేకొద్దీ సాగి, పొడుగై, రేకులవుతాయి. నెత్తిన నక్షత్రం, చుట్టూ విప్పారిన పువ్వు. ఎవరూ రేకులు గీయలేదు, పనివాడు వంపు మార్చాడంతే. వంపు మెల్లగా ఉంటే రేకు పొట్టి, నిలువుకు దగ్గరయ్యేకొద్దీ రేకు పొడుగు. ఇలా చేసినవన్నీ చిన్న వస్తువులే: గుండుసూదుల దిండుకు పీట, కొలత పట్టీ చుట్టే డబ్బీ, కుట్టు దారానికి మైనం పట్టించే బిళ్ల, కుంకుమ భరిణెంత గుండ్రపు పెట్టె. అరచేతిలో ఇమిడే ధర, అరచేతిలో ఇమిడే పరిమాణం. యాత్రికుల అంగడికి కావలసింది అదే.

కడ్డీని తరిమెన పట్టకుండా అడ్డంగా పలుచని రేకులుగా కోసి పెట్టె మీద అతికిస్తే అది సగం గళ్ల పని. ఈ పద్ధతి ఇంగ్లండ్‌లో కొత్త కావచ్చు గానీ లోకానికి కొత్త కాదు. పర్షియాలోని షిరాజ్‌లో ఖాతం పనివాళ్లు ముక్కోణపు పుల్లలను, ఎముకను, ఇత్తడి తీగను కట్టగా అతికించి, రేకులు కోసి పెట్టెలకు వేసేవారు. అదే పని భారతదేశపు పడమటి తీరాన సూరత్, బొంబాయిలలో సదేలి పేరుతో స్థిరపడింది. దంతం, ఎబొనీ, తగరం, రంగు వేసిన ఎముక అక్కడి సరుకు. టన్‌బ్రిడ్జ్ పనిలో లోహమూ దంతమూ లేవు, కర్రే అంతా. ఆ నియమం వల్లే వాళ్లకు కర్రల వేట తప్పలేదు.

మూడోదైన సన్నగళ్ల పనిలో ఈ వేట తారస్థాయికి చేరింది. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీస్తారు, ఒక్కో గడికి ఒక రంగు. అప్పట్లో ఉన్ని అల్లికలకు వాడే గళ్ల నమూనాలనే చాలామంది వాడుకునేవారు. కాగితంలో ఒక వరుసను చూసి, ఆ వరుసలోని రంగుల క్రమంలోనే చెక్క పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి అతికిస్తారు. ఆ దొంతరను నిలువునా సన్నగా చీలిస్తే వచ్చే ప్రతి పట్టీలోనూ ఆ వరుస మొత్తం ఉంటుంది. అలా అన్ని వరుసలవీ చేసి, పట్టీలను వరుస తప్పకుండా జతచేసి అతికిస్తే ఒక దిమ్మె తయారవుతుంది. దిమ్మె కొనమీద బొమ్మ అంతా కనిపిస్తుంది. గుండ్రపు రంపంతో రొట్టె ముక్కల్లా పలుచగా కోసుకుంటూ పోతే ఒక్కో రేకూ ఒక్కో బొమ్మ. ఒక దిమ్మెకు పెట్టిన శ్రమ పదుల పెట్టెల మీదికి పంచుకుపోతుంది. పూలతీగ అంచులు, కుక్కలు, సీతాకోకచిలుకలు, ఆ చుట్టుపక్కల కోటలు, పాడుబడ్డ మఠాలు ఇలా చెక్క గళ్లలోకి ఎక్కాయి.

ఈ బొమ్మలకు వాడుకలో ఉన్న కర్రలు దాదాపు 40 రకాలు. తెలుపుకు హాలీ. నలుపుకు ఎబొనీ, ఇది బీడీ ఆకిచ్చే తునికి చెట్టు ప్రజాతిదే. గోధుమ రంగుకు వాల్‌నట్, ఎరుపు ఛాయ గోధుమకు యూ, చెర్రీ, మహాగని. పసుపుకు దారుహరిద్ర ప్రజాతికి చెందిన బార్బెర్రీ అనే ముళ్లపొద. చెట్టు ఎంత పెద్దదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. దూలానికీ గుమ్మానికీ పనికిరాని పొద కూడా పుల్లకు చాలు. తోటలో కొట్టేసిన పొద కొమ్మ, కాపు ఉడిగిన పండ్ల చెట్టు మొద్దు, ఇవన్నీ ఈ పనివాడి దగ్గర విలువైనవే. వడ్రంగి పారేసే ముక్కలోంచి వీళ్ల బొమ్మ మొదలవుతుంది.

రెండు రంగులు మాత్రం ఏ చెట్టూ ఇవ్వలేదు: ఆకుపచ్చ, బూడిద. బొమ్మలో ఆకులు ఉన్నాయంటే ఆకుపచ్చ కావలసిందే. రంగులో ముంచడం వాళ్లకు నామోషీ. ఆకుపచ్చ అడవిలో దొరికింది. నేలరాలి తడిలో పడి ఉన్న ఓక్ కొమ్మల్లోకి క్లోరోసిబోరియా అనే బూజు పాకుతుంది. బయట చిన్న గిన్నెల్లాంటి నీలిపచ్చ పుట్టగొడుగులు మొలుస్తాయి, లోపల కర్రంతా నెమలి మెడ రంగులోకి తిరుగుతుంది. ఆ రంగు ఎండకు పెద్దగా చెదరదు, నీటికి కరగదు. ఇటలీలో చెక్క చిత్రాలు పొదిగినవాళ్లు అంతకు మూడు, నాలుగు వందల ఏళ్ల ముందే దీన్ని వాడారు. చిక్కల్లా ఒకటే. బూజు పట్టిన కర్ర సాధారణంగా మెత్తబడి ఉంటుంది, ఉలి తాకితే పొడి రాలుతుంది. రంగు నిండి, బలం చెడని ముక్కలు ఏరుకోవాలి. పుట్టగొడుగుల సంతలో మంచివి ఏరినట్టే ఉంటుంది ఆ ఏరుడు.

బూడిద రంగు ఊరి నీళ్లలోనే ఉంది. తెల్లకర్రను ఇనుపనీటి ఊటలో నానబెడితే కర్రలోని వగరు ఇనుముతో కలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. కరక్కాయకు ఇనుము తగిలితే నల్లబడినట్టే, కలంకారీ పనివాళ్లు నలుపు కట్టే సూత్రమే. ఏ ఊట ఊరికి జనాన్ని తెచ్చిందో, ఆ ఊటే వాళ్లు కొనుక్కెళ్లే పెట్టె మీద మబ్బులకు, రాతి గోడలకు రంగు ఇచ్చింది. అంగడి మాటలకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. దుకాణదారులు ఆ సంగతి చెప్పకుండా ఉండి ఉంటారనుకోవడం కష్టం.

తెలుగు నాట తరిమెన పనికి ఎంచుకున్న దారి దీనికి సరిగ్గా ఎదురు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మకు కర్ర ఒకటే, అంకుడు. పాలలా తెల్లగా, మెత్తగా, నార కనపడకుండా ఉండటమే దాని గొప్ప. రంగంతా లక్కది. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. లక్కకు మొక్కల రంగులు పట్టించే పద్ధతిని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కర్ర రంగు చూపిస్తే తప్పు. బొబ్బిలి వీణ పనిలోనైతే అసలు అతుకే లోపం. ఒకే పనస మొద్దులోంచి తొలిచిన ఏకాండి వీణకే గౌరవం. విశాఖపట్నంలో మాత్రం 18వ శతాబ్దం నుంచి టేకు, రోజ్‌వుడ్, ఎబొనీల మీద ఏనుగు దంతం పొదిగి, దంతంపై చెక్కిన గీతల్లో నల్ల లక్క నింపి, ఇంగ్లీషు దొరలకు పెట్టెలు, కుర్చీలు చేసేవారు. అక్కడ జోడింపు అంటే ముదురు కర్ర మీద తెల్ల దంతం. టన్‌బ్రిడ్జ్ పనివాడు దంతం కొనే స్తోమత లేక, లేదా కొనేవాళ్లకు అంత ఇచ్చుకోలేక, దంతం చోట హాలీని కూర్చోబెట్టాడు.

1845లో టన్‌బ్రిడ్జ్ వెల్స్‌కు రైలు వచ్చింది. అంతవరకు గుర్రపు బండ్లలో వచ్చిన కొద్దిమంది దొరల స్థానంలో మధ్యతరగతి జనం దిగారు. చిన్న వస్తువుల గిరాకీ పెరిగింది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో టన్‌బ్రిడ్జ్ పనివాళ్లు ఎడ్మండ్ నై, రాబర్ట్ రస్సెల్, హెన్రీ హాలంబీ తమ సామాను పెట్టారు. నై పెట్టిన ఒక బల్ల మీద సముద్రంలో సాగే ఓడ బొమ్మ ఉంది. అందులో ఉన్న కర్ర గళ్లు 1,10,800. న్యాయనిర్ణేతల ప్రశంస అతనికి దక్కింది. వృత్తిగా ఆ పని అందుకున్న శిఖరం బహుశా అదే. ఆ అంకె వింటే నోరు తెరుచుకుంటుంది గానీ, బల్లను చూసినవాళ్లు ఇది చిత్రకారుడు రంగులతో ఇంకా బాగా వేయగలడు కదా అనుకోకుండా ఉండరు. చిన్న డబ్బీ మీది పువ్వుకు ఆ ప్రశ్న రాదు. పుల్లల పనిలో కర్ర తన పని తాను చేసుకుపోతుంది, ఓడ బల్లలో అది రంగుకు బదులు పనిచేస్తుంది.

1880 దశకానికి పనివాళ్లు కరువయ్యారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తగ్గారు, అంగట్లో చవక సరుకు నిండింది. నై తర్వాత అతని దుకాణాన్ని నడిపి, పనిలో అతనికి తీసిపోని థామస్ బార్టన్ 1903లో చనిపోయాడు. ఆ తర్వాత మిగిలింది బాయిస్, బ్రౌన్ అండ్ కెంప్ అనే సంస్థ ఒక్కటే. 1927లో అదీ మూతపడింది. ఆ ఊరి మ్యూజియం సేకరణ ఇవాళ 2022లో తెరిచిన అమీలియా అనే సాంస్కృతిక కేంద్రంలో ఉంది.

పాత టన్‌బ్రిడ్జ్ పెట్టె చేతికి వస్తే జాగ్రత్తపరులు ముందు మూత తెరిచి లోపలి వైపు చూస్తారు. లోపల బొమ్మ ఉంటే అది తళతళలాడుతుంది, పైబొమ్మ మాత్రం తేనె రంగులో తేలిపోయి ఉంటుంది. హాలీ తెలుపు పచ్చబడింది, ఎరుపులు గోధుమకు దిగాయి, ఊదాలు మాసిపోయాయి. ముదురూ లేతా తేడా నిలిచింది, రంగూ రంగూ తేడా చాలాచోట్ల పోయింది. పచ్చ ఓక్ మాత్రం రెండు వైపులా పచ్చగానే ఉంది. వందేళ్ల ఎండ చేసిన ఈ పరీక్ష కర్రలు జోడించేవాళ్లందరికీ పనికొచ్చే పాఠ్యపుస్తకం. రోజ్‌వుడ్, హాలీల జోడు వెలిసినా జోడుగానే మిగిలింది. చెర్రీ, మహాగనిల జోడు దగ్గరైపోయింది. చెర్రీ ఎండకు ముదురుతుంది, వాల్‌నట్ ఎండకు లేతబడుతుంది. కొత్తలో ఎంతో తేడాగా ఉన్న ఆ రెండూ కాలం గడిచేకొద్దీ ఒకదానివైపు ఒకటి నడిచొస్తాయి.

టన్‌బ్రిడ్జ్ పుల్లల డబ్బీలు చాలావరకు చీలకుండా నిలవడానికి కారణం వాటి నార వరస. కట్టలోని పుల్లలన్నీ నిలువు నారతో ఒకే దిక్కుకు ఉంటాయి. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకోవడం అందుకే. కట్టలో అన్నీ ఒకే దిక్కున ఉబ్బి ఒకే దిక్కున ముడుచుకుంటే, పైగా వస్తువు రెండు అంగుళాలే అయితే, బంక మీద పడే ఒత్తిడి తక్కువ. సన్నగళ్ల రేకులను అడ్డునార పెట్టె మీద అతికించిన చోట ఆ అదృష్టం లేదు. పగుళ్లు, లేచిన గళ్లు అక్కడే ఎక్కువ.

ఇవాళ్టి అతుకుల గిన్నెలో ఈ లెక్క మరో రూపంలో వస్తుంది. గిన్నె పుల్లల కట్ట కాదు, ఇటుకల బావిలాంటిది. ఒక వలయానికి 12 ముక్కలు వేస్తే ఒక్కో ముక్క రెండు కొనలను 15 డిగ్రీల వాలుతో కోయాలి. కోతకు పదోవంతు డిగ్రీ తప్పు జరిగినా 24 కోతలకు 2.4 డిగ్రీలవుతుంది, వలయం మూసుకోదు. ముక్కల నార వలయం చుట్టూ సాగుతుంది కాబట్టి వలయం చుట్టుకొలత దాదాపు మారదు. ఒక వరుస అతుకు మీదికి పై వరుస ముక్క నడుమ వచ్చేట్టు పేర్చడం తాపీపనివాడి పద్ధతే. చిక్కు అడుగు బిళ్లతో వస్తుంది. అడుగును ఒకే పలకతో వేస్తే అది అడ్డంగా ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న వలయం ఉబ్బదు. పచ్చి కర్ర పూర్తిగా ఎండే లోపు గట్టి మేపుల్ వార్షిక వలయాల వెంబడి 9.9 శాతం ముడుచుకుంటుంది, అమెరికా మహాగని 4.1 శాతమే. ఎండిన కర్రలో తేమ నాలుగు శాతం మారిందనుకుంటే, 20 సెంటీమీటర్ల మేపుల్ బిళ్ల సుమారు 2.8 మిల్లీమీటర్లు కదులుతుంది, మహాగని బిళ్ల 1.2 మిల్లీమీటర్లు. మొదటిది వలయాన్ని చీల్చగలదు. అడుగుకు మహాగనిని ఎంచుకోవడమో, అడుగును కూడా ముక్కలతో కట్టడమో, బిళ్లను గాడిలో వదులుగా కూర్చోబెట్టడమో చేస్తారు. రంగు కోసం వెతికిన జోడు ఇక్కడ ఓడిపోవడం మామూలే.

బరువూ చూడాలి. మేపుల్ ఘనపు మీటరుకు సుమారు 700 కిలోలు, వాల్‌నట్ 610, చెర్రీ 560. ఈ మూడూ ఉలికి దాదాపు ఒకేలా లొంగుతాయి. పర్పుల్‌హార్ట్ 900 దాటుతుంది. మెత్తని దేవదారు పక్కన దాన్ని పెడితే, గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మెత్తది గుంటపడి గట్టిది గట్టులా లేస్తుంది. కంటికి కనపడకపోయినా వేలు పెడితే తెలుస్తుంది. రోజ్‌వుడ్ లాంటి జిడ్డు కర్రల సంగతి వేరు. వాటి నూనె బంకను పట్టనివ్వదు, అతికించే ముందు స్పిరిట్‌తో తుడవాలి. లిగ్నమ్ వీటేను టన్‌బ్రిడ్జ్ వాళ్లు అతుకుల పనికి కాక విడిపాత్రలకు ఉంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ముదురు కర్రల్లో కొన్ని ఇప్పుడు సులువుగా దొరకవు. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయ ఒప్పందం దాదాపు ఆపేసింది. 2017లో రోజ్‌వుడ్ ప్రజాతి మొత్తం నిఘాలోకి వచ్చింది. శేషాచలం ఎర్రచందనం అదే ఒప్పందం కింద 1995 నుంచే ఉంది. కాబట్టి ఎరుపుకు చాలామంది ఆఫ్రికా పడౌక్‌ను వాడుతున్నారు. ఇది వేగిసకూ ఎర్రచందనానికీ దాయాది. తాజాగా కోసినప్పుడు కుంకుమ రంగు, కొన్నేళ్లకు ముదురు గోధుమ. దీనికి లేత మేపుల్‌తో జోడు బాగా కుదురుతుంది, కానీ రుద్దేటప్పుడు లేచే ఎర్రని పొడి మేపుల్ రంధ్రాల్లోకి దిగి గులాబీ మరకలు చేస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే మరక ఇంకా లోపలికి పోతుంది. కాబట్టి ఉలితోనే వీలైనంత నునుపు తేల్చి, గాలితో పొడి ఊది, ఆఖరి రుద్దుడుకు ముందు మేపుల్ ముక్కల మీద పలుచగా షెల్లాక్ పూస్తారు. లక్క పురుగు ఇచ్చిన ఆ పొర ఆరిన తర్వాత ఎర్రపొడి దాన్ని దాటి లోపలికి పోలేదు.